మొదటి చేతి తుపాకీ: అరచేతిలో ఇమిడేదా, చేతినిండా ఉండేదా?

ప్రశ్న

నమస్కారం. నాకు ఈ మధ్యనే 22 ఏళ్ళు నిండాయి. మేముండే చోట చట్టం అడిగే వయసు, అనుమతి, ప్రాథమిక శిక్షణ అన్నీ పూర్తయ్యాయి కనుక వాటి గురించి అడగడం లేదు. నా సందేహమంతా మొదటి చేతి తుపాకీగా ఏది తీసుకోవాలన్నదే.

ఇంతవరకు నేను కాల్చింది శిక్షణ రోజున మాత్రమే, అదీ 50 తూటాలకు మించదు. ఆ రోజు నా చేతికిచ్చినది 9 ఎం.ఎం. పిస్టల్. మొదటి పది తూటాలు గురికి దగ్గరగానే తగిలాయి గానీ, ఆ తర్వాత ఒక్కొక్కటీ ఎడమవైపుకు, కిందికి దిగుతూ పోయాయి. నేను కుడిచేతి వాటం మనిషిని. ఎంత జాగ్రత్తగా గురి చూసినా అలా ఎందుకు జరిగిందో నాకు అర్థం కాలేదు.

ప్రస్తుతం నా ముందు రెండు ఆలోచనలున్నాయి. మొదటిది పాయింట్ 380 అనే రకం తూటా వాడే బుల్లి పిస్టల్. నా చేతులు చిన్నవి కనుక అది నాకు సరిగ్గా కుదురుతుందని, చిన్న తుపాకీ కనుక కాల్చినప్పుడు చేతిని వెనక్కి మెల్లగా తన్నుతుందని అనుకుంటున్నాను. రెండోది పాయింట్ 357 మాగ్నం రివాల్వర్. ఒకసారి గట్టిది కొనుక్కుంటే మళ్ళీ మార్చుకోవలసిన పని ఉండదని ఒక స్నేహితుడి సలహా. నాకు ముఖ్యమైనది షూటింగ్ రేంజ్‌లో సాధన చేసి బాగా కాల్చడం నేర్చుకోవడం. ఆత్మరక్షణ మాట ఆ తర్వాతే. మా ఇంట్లో 15 ఏళ్ళ తమ్ముడున్నాడు. ఇంట్లో తుపాకీ ఉండటం అమ్మకు అసలు ఇష్టం లేదు. ఒప్పుకున్నదే గానీ ఆమె భయం తీరలేదు. అనుభవమున్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ తూటాలు ఎడమకు, కిందికి దిగడంలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. నేను చాలా ఏళ్ళుగా కొత్తవారికి కాల్చడం నేర్పుతున్నాను, కుడిచేతి వాటం ఉన్న కొత్తవారిలో ఎక్కువమంది కాగితం మీద రంధ్రాలు పడేది సరిగ్గా అక్కడే. కారణం గురి కాదు. మొదటి కొన్ని తూటాలకు శరీరం ఏం జరగబోతున్నదో ఎరగదు కనుక నిశ్చింతగా ఉంటుంది. ఆ చప్పుడు, ఆ తన్ను ఒకసారి రుచి చూశాక, ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే చెయ్యి బిగుసుకుని తుపాకీని కిందికి నొక్కేస్తుంది. మీ పక్కన నిలబడినవారిని మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి దూర్చే తూటాల డబ్బీలో, అసలు తూటాల మధ్య ఒకటి రెండు ఉత్తుత్తి తూటాలు, మీకు తెలియకుండా, కలిపి ఇమ్మనండి. ఉత్తుత్తి తూటా వచ్చినప్పుడు తుపాకీ పేలదు, కానీ దాని కొస గబుక్కున కిందికి వంగుతుంది. ఆ వంగడాన్ని మీ కళ్ళతో మీరు చూసుకున్న రోజున, మొదటి తుపాకీ ఎలాంటిదై ఉండాలో నేను వేరే చెప్పనక్కరలేదు: ఈ బెదురును పెంచేది కాదు, తగ్గించేది కావాలి.

చిన్న తుపాకీ మెల్లగా తన్నుతుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది, అది పూర్తిగా తలకిందులైన లెక్క. గుండు ముందుకు వెళ్ళే ఊపుకు సరిసమానమైన ఊపు తుపాకీని వెనక్కి నెడుతుంది; ఆ ఊపును మింగేది తుపాకీ బరువు. గ్లాక్ 19 లాంటి మధ్యరకం పిస్టల్ ఖాళీగా దాదాపు 600 గ్రాములు తూగుతుంది. రూగర్ ఎల్.సి.పి. లాంటి బుల్లి పిస్టల్ 300 గ్రాములైనా ఉండదు. పాయింట్ 380 తూటా 9 ఎం.ఎం. కంటే బలహీనమైనదే, అయినా సగం బరువు కూడా లేని తుపాకీలో, రెండు వేళ్ళు మాత్రమే పట్టే పిడితో కాల్చినప్పుడు అది చేతిని కరిచినట్టు ఉంటుంది. దానికి తోడు బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, పొట్టిది కనుక గురి చూసే ముందు, వెనుక గుర్తుల (సైట్‌ల) మధ్య దూరం తక్కువ. గురిలో వెంట్రుకవాసి తేడా వస్తే కాగితం మీద అది బెత్తెడు తేడాగా కనిపిస్తుంది. ఆ బుల్లి తుపాకీలు బాగా చెయ్యి తిరిగినవారికోసం చేసినవని నా గట్టి అభిప్రాయం.

ఇక రివాల్వర్ విషయం. మీ స్నేహితుడి మాటలో ఒక నిజం ఉంది. 1935లో వచ్చిన పాయింట్ 357 మాగ్నం, 1898 నాటి పాయింట్ 38 స్పెషల్ తూటాను సుమారు 3 మిల్లీమీటర్లు పొడిగించి, ఎక్కువ ఒత్తిడికి తట్టుకునేలా చేసినదే కనుక, మాగ్నం రివాల్వర్‌లో పాయింట్ 38 స్పెషల్‌ను నిక్షేపంగా కాల్చవచ్చు. మాగ్నం తూటాను పాయింట్ 38 రివాల్వర్‌లో పెట్టకుండా ఆపేది ఆ 3 మిల్లీమీటర్లే. నాలుగు అంగుళాల బ్యారెల్, ఉక్కు శరీరం ఉన్న రివాల్వర్‌లో పాయింట్ 38 తూటాలు కొత్తవారికి కూడా సుఖంగా ఉంటాయి. కానీ మాగ్నం తూటాలతోనే నేర్చుకుంటానంటే మాత్రం వద్దని చెబుతాను. ఆ చప్పుడుకూ మెరుపుకూ అలవడిన బెదురును వదిలించడానికి నా శిష్యులలో కొందరికి ఏడాది పట్టింది.

నా సలహా ఇది. వీలైతే మొదట పాయింట్ 22 పిస్టల్ తీసుకోండి. అందులోని గుండు సుమారు 2.6 గ్రాములు, 9 ఎం.ఎం.లో మామూలుగా దొరికేది సుమారు 8 గ్రాములు. ఇంత చెబితే తన్నులో తేడా ఎంతో మీకే తెలుస్తుంది. తూటాలు అన్నిటికంటే చవక కనుక నాలుగింతలు కాల్చవచ్చు. రూగర్ సంస్థ 1949లో మొదటి పాయింట్ 22 పిస్టల్ చేసిన నాటి నుంచి ఆ వంశంలోని పిస్టళ్ళతో కాల్చడం నేర్చుకున్నవారు లెక్కలేనంతమంది. ఒకే ఒక్క తుపాకీతో అన్నీ సాగాలంటే 9 ఎం.ఎం. మధ్యరకం లేదా పూర్తి పరిమాణపు పిస్టల్ తీసుకోండి. కంపెనీ పేరు మీద రాత్రింబవళ్ళు జరిగే వాదాలు చదివి కాలం వృథా చేసుకోకండి. పేరున్న నాలుగైదు కంపెనీల మధ్యరకం పిస్టళ్ళలో ఏదైనా కొత్తవారి చేతికంటే నిలకడగానే కాలుస్తుంది.

చేతికి కుదరడం మాత్రం పరీక్షించి తీరాలి. ఖాళీ అని మీరే తెరిచి చూసుకున్న తుపాకీని, ఎవరూ లేని దిక్కుకు గురిపెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్న చీలిక పిడి వెనుక వీలైనంత పైకి తగిలేలా పట్టుకోండి. బ్యారెల్ మీ ముంజేతితో ఒకే గీతలోకి రావాలి. అలా పట్టుకుని, పట్టు కదపకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనుతున్నదేమో చూడండి. వేలి కొస మాత్రమే అందితే పిడి మీకు లావు. ఈ రోజుల్లో చాలా పిస్టళ్ళకు పిడి వెనుక భాగాలు రెండు మూడు కొలతల్లో విడిగా వస్తున్నాయి, చిన్నదానిని బిగించి మళ్ళీ చూడండి.

రెండో సమాధానం

పైన పెద్దాయన చెప్పినదానికి చిన్న చేతులున్న స్త్రీగా నా అనుభవం కలుపుతాను. నా మొదటి తుపాకీ మీరు అనుకుంటున్న పాయింట్ 380 బుల్లి పిస్టల్ లాంటిదే. ఆడవారికి ఇదే బాగుంటుందని అమ్మినతను నా చేతిలో పెట్టాడు, నేనూ నమ్మాను. రెండు మ్యాగజైన్లు కాల్చేసరికి ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ (ట్రిగ్గర్ గార్డ్) నా వేలిని ఒరిసి ఎర్రగా కందిపోయింది. ఆ తర్వాత రేంజ్‌కు వెళ్ళాలంటేనే మనసొప్పేది కాదు. ఆరు నెలలు అది పెట్టెలోనే ఉంది, నేను మాత్రం ఏమీ నేర్చుకోలేదు.

నాకు ఎవరూ ముందు చెప్పని ఇంకో సంగతి స్లైడ్, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం, గురించి. చిన్న పిస్టల్ స్లైడ్ తేలికగా వెనక్కి వస్తుందనుకున్నాను. నిజానికి స్లైడ్ తేలికైనదీ, కదిలే దూరం తక్కువదీ కావడం వల్ల దాన్ని అదుపు చేసే స్ప్రింగ్ గట్టిదిగా పెట్టక తప్పదు. పట్టుకోవడానికి చోటు కూడా తక్కువే. మధ్యరకం 9 ఎం.ఎం. స్లైడ్ నాకు అంతకంటే సులువుగా వచ్చింది. స్లైడ్‌ను వేళ్ళ కొసలతో గిల్లినట్టు పట్టి లాగకండి. ఎడమ అరచేతిని పైనుంచి కప్పి గట్టిగా పట్టుకుని, తుపాకీని ఒంటికి దగ్గరగా ఉంచి, కుడిచేత్తో పిడిని ముందుకు నెట్టండి. లాగడం కంటే నెట్టడంలో ఒంటి బలం ఎక్కువగా పనికొస్తుంది. ఈ హడావుడిలో బ్యారెల్ పక్కవారి వైపు తిరగడం నేను చాలాసార్లు చూశాను, కనుక మొదట్లో మీ చేతుల కంటే బ్యారెల్ కొస మీదే చూపు ఉంచండి.

రివాల్వర్‌లో స్లైడ్ గొడవ లేదన్నది నిజమే గానీ, వెనుక ఉండే కొక్కీని (హ్యామర్‌ను) ముందుగా ఎత్తకుండా కాల్చాలంటే దాని ట్రిగ్గర్ సుమారు 5 కిలోల బలంతో, చాలా దూరం లాగవలసి ఉంటుంది. చాలా పిస్టళ్ళకు అందులో సగం చాలు. నా వేలు ఆ దూరం లాగేలోగా గురి మూడు సార్లు కదిలేది. చివరకు నేను స్థిరపడింది చిన్న పిడి బిగించిన 9 ఎం.ఎం. మధ్యరకం మీద. ముందే అద్దెకు తీసుకుని కాల్చి చూసి ఉంటే ఆ ఆరు నెలలు నాకు మిగిలేవి. దయచేసి మీరు కాల్చకుండా కొనవద్దు.

మూడో సమాధానం

ఎంపిక గురించి పైవారు చెప్పినవాటిలో నేను కలపవలసింది లేదు. నేను చేసిన తప్పు ఒకటి చెప్పడానికి రాస్తున్నాను, ఎందుకంటే మీరు ఏ పిస్టల్ కొన్నా దాన్ని శుభ్రం చేయడానికి విప్పుతారు.

కొన్ని పిస్టళ్ళను విప్పాలంటే మొదట ట్రిగ్గర్ నొక్కాలి. గ్లాక్ పిస్టళ్ళు అలాంటివే. ఒక సాయంత్రం నేను నా పిస్టల్‌ను బల్ల ముందు పెట్టుకుని స్లైడ్ వెనక్కి లాగాను. ఛాంబర్‌లోని, అంటే బ్యారెల్ వెనుక కొసన కాల్చడానికి సిద్ధంగా ఉన్న, తూటా ఎగిరి బల్ల మీద పడింది. అది చూసి ఖాళీ అయిందనుకుని, స్లైడ్ వదిలి, ఆ తర్వాత మ్యాగజైన్ తీశాను. రెండు పనులూ చేశాను, కానీ వరుస తప్పింది. మ్యాగజైన్ లోపల ఉండగానే స్లైడ్ వదిలాను కనుక మొదటి తూటా బయటకు పోయిన చోటికి రెండోది ఎక్కి కూర్చుంది. నేను తుపాకీని నేలకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాను. మూసిన గదిలో ఆ చప్పుడు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. నేలలో పడిన రంధ్రం నా కుడి పాదానికి జానెడు దూరంలో ఉంది. చెవిలో గీ మన్న మోత మూడు రోజుల వరకు పోలేదు. పక్క గదిలో నా భార్య ఉంది. తుపాకీ కొస గోడ వైపు కాక నేల వైపు ఉండటం ఒక్కటే ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని.

కనుక వరుస గుర్తుంచుకోండి. ముందు మ్యాగజైన్ తీసి దూరంగా పెట్టండి. ఆ తర్వాత స్లైడ్ వెనక్కి లాగి అక్కడే నిలిపి ఉంచండి. ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. ఒకసారి చూసి చూపు తిప్పుకుని మళ్ళీ చూడండి. తూటాలను ఆ గదిలో నుంచి బయట పెట్టి అప్పుడు విప్పండి. అమెరికా తుపాకీ శిక్షకుడు జెఫ్ కూపర్ క్రోడీకరించిన నాలుగు సూత్రాలు మీ శిక్షణలో చెప్పే ఉంటారు: ప్రతి తుపాకీనీ నిండుగా ఉన్నట్టే చూడాలి, నాశనం చేయదలచుకోని దేని మీదికీ దాని కొసను తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు, గురినీ గురి వెనుక ఉన్నదాన్నీ ఎరిగి ఉండాలి. నేను మొదటిదాన్నీ మూడోదాన్నీ తప్పాను, రెండోది పాటించాను కనుక ఈ రోజు ఇది రాయగలుగుతున్నాను.

చెవుల సంగతి కూడా చెప్పాలి. పిస్టల్ చప్పుడు 150 డెసిబెల్‌లు దాటుతుంది, 140 దాటిన పేలుడు శబ్దం ఒక్కసారికే వినికిడిని శాశ్వతంగా చెడగొట్టగలదు. పైకప్పు ఉన్న రేంజ్‌లో చెవిలో బిరడాలు పెట్టుకుని వాటి మీద చెవులను కప్పే మఫ్‌లు కూడా పెట్టుకోండి. రెండూ ఉంటే మీరు పడుతున్న బెదురు కూడా సగానికి తగ్గుతుంది, ఎందుకంటే అందులో సగం తన్నుకు కాదు, చప్పుడుకు. కళ్ళద్దాలు మరవకండి. సీసం ధూళి అంటుకుంటుంది కనుక రేంజ్ నుంచి బయటకు రాగానే, ముఖం ముట్టుకోకముందే, చన్నీళ్ళతో సబ్బు పెట్టి చేతులు కడుక్కోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రేంజ్‌కు వెళ్ళి మూడు అద్దె తుపాకులు కాల్చి వచ్చాను. ఉత్తుత్తి తూటాల పరీక్ష చేశాను. పెద్దాయన చెప్పినట్టే తుపాకీ పేలకపోయినా దాని కొస గబుక్కున వంగింది, నాకే నమ్మబుద్ధి కాలేదు. పాయింట్ 380 బుల్లి పిస్టల్‌తో అయిదు కాల్చి ఆపేశాను. పాయింట్ 22తో వంద కాల్చాను, చివరి ఇరవైలో ఎక్కువ భాగం నా అరచేయంత చోటులో పడ్డాయి. మధ్యరకం 9 ఎం.ఎం.లో చిన్న పిడి బిగిస్తే వేలు సరిగ్గా అందింది. పాయింట్ 22తో మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను.

ఇంకొక్క సందేహం. అమ్మ భయమంతా తమ్ముడి గురించే. తుపాకీతో పాటు తాళం తీగ ఒకటి వస్తుందంటున్నారు, అది చాలుతుందా? ఎత్తైన అలమరలో బట్టల వెనుక పెడితే వాడికి తెలియదని నేను అనుకుంటున్నాను.

నాలుగో సమాధానం

తెలుస్తుంది. ఇంట్లో ఏది ఎక్కడ దాచారో పిల్లలకు తెలిసినంతగా పెద్దలకు తెలియదు, 15 ఏళ్ళవాడికి అసలే తెలుస్తుంది. దాచడం వేరు, తాళం వేయడం వేరు. మ్యాగజైన్ తీసేసిన పిస్టల్‌లోకి తీగను దూర్చి తాళం వేస్తే స్లైడ్ మూసుకోదు కనుక అది ఆ మేరకు పనికొస్తుంది, కానీ ఆ తుపాకీని తీగతో సహా ఎవరైనా పట్టుకుపోవచ్చు. ఉక్కు పెట్టె తీసుకుని గోడకో బరువైన అలమరకో లోపలి నుంచి బోల్టులతో బిగించండి. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం పెట్టండి. మీరు ప్రధానంగా సాధన కోసమే కొంటున్నారు కనుక ఇంట్లో తుపాకీ నిండుగా ఉండవలసిన అవసరం ఏదీ లేదు. తాళం అంకెలు పుట్టినరోజులూ ఫోన్ నంబర్లూ కాకూడదు, అవి మీ తమ్ముడికి కంఠతా వస్తాయి.

అయితే మీ అమ్మగారి భయం ఒక్క ప్రమాదం గురించే కాకపోవచ్చు, ఈ మాట ఎవరో ఒకరు సూటిగా చెప్పాలి కనుక చెబుతున్నాను. ఇంట్లో తుపాకీ ఉన్నప్పుడు అన్నిటికంటే పెద్ద ముప్పు బయటి నుంచి వచ్చే దొంగ కాదు, ఇంట్లో ఎవరికైనా వచ్చే ఒక చెడ్డ రాత్రి. పరీక్ష తప్పడం, ప్రేమ తెగిపోవడం, ఉద్యోగం పోవడం లాంటివి మీ వయసులోనూ మీ తమ్ముడి వయసులోనూ లోకం మునిగినట్టు తోస్తాయి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిన మనిషికి చాలాసార్లు కొన్ని గంటలు గడిస్తే దాని ఉధృతి తగ్గుతుంది. చేతికందే తుపాకీ ఆ కొన్ని గంటలు ఇవ్వదు. నేను ఒక బంధువును అలాగే పోగొట్టుకున్నాను, ఆ తుపాకీకి తాళం లేదు. కనుక మీ ఇంట్లో ఎవరైనా, మీరైనా సరే, అలా కుంగిపోయి ఉన్నారని అనిపించిన రోజున తుపాకీని ఇంట్లో ఉంచకండి. చట్టం ఒప్పుకునే పద్ధతిలో ఎవరి దగ్గర, ఎక్కడ ఉంచవచ్చో ఇప్పుడే, అందరూ బాగున్న రోజునే, కనుక్కుని పెట్టుకోండి. కొన్ని రేంజ్‌లు అలా భద్రపరచి ఇస్తాయి.

ఇంకో మాట. తమ్ముడికి ఆ పెట్టెలో ఏముందో దాచవద్దు. దాన్ని ముట్టుకోకూడదని, ఎక్కడైనా తుపాకీ కనబడితే తాకకుండా అక్కడి నుంచి వెళ్ళి పెద్దవాళ్ళకు చెప్పాలని చెప్పండి. కానీ చెప్పాం కదా అని తాళం సడలించకండి. చెప్పడం వాడి కోసం, తాళం వాడు ఆ మాట మరచిపోయిన రోజు కోసం. పెట్టెను కొన్న రోజున అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె కళ్ళముందే బిగించండి, తుపాకీని ఆ తర్వాత తెచ్చుకోండి.